తగ్గిన బరువు తిరిగొచ్చింది, మళ్ళీ ఆపరేషన్ చేయించుకోనా?

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు, ఎత్తు 158 సెంటీమీటర్లు. మాది అనంతపురం, పద్నాలుగేళ్ళుగా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. 2019 ఫిబ్రవరిలో 118 కిలోలున్నప్పుడు స్లీవ్ ఆపరేషన్ (బరువు తగ్గడానికి జీర్ణాశయం చాలావరకు తీసేసి సన్నని గొట్టంలా మిగిల్చేది) అయింది. 2020 మధ్యకల్లా 76కి దిగాను, షుగర్ మాత్రలు కూడా మానిపించారు. 2021 నుంచి మెల్లగా ఎక్కుతూ ఇప్పుడు 99కి వచ్చాను. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.9 ఉంది. పడుకుంటే గొంతులోకి పుల్లగా తన్నుకొస్తుంది, రెండు దిండ్లు లేనిదే నిద్ర లేదు. బాగా గురక పెడుతున్నానని మావారు అంటారు. ముగ్గురు సర్జన్లను కలిశాను. ఒకరు మినీ బైపాస్ అన్నారు, ఒకరు పాత స్లీవ్‌నే మళ్ళీ బిగిద్దామన్నారు, మూడో ఆయన వారం వారం ఇంజెక్షన్ చాలన్నారు. ఇంట్లో మాత్రం "మళ్ళీ కోతా? నోరు కట్టుకోలేవా?" అంటున్నారు. నాలుగు నెలల్లో చెల్లెలి పెళ్ళి ఉంది, ఈలోపు అయిపోతే బాగుండునని ఆశ. నాన్నగారు పోయినప్పటి నుంచి నిద్రకు మిర్టాజపిన్ 15 వేసుకుంటున్నాను, వేరే మందులేవీ లేవు. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: పాత స్లీవ్‌ను మళ్ళీ బిగించే ఆపరేషన్‌కు మాత్రం ఒప్పుకోకండి. ఈ ఒక్క మాట మీ ఉత్తరం చదవగానే చెప్పగలం. మిగతావాటిలో మీకు ఏది సరిపోతుందో ఇప్పుడే చెప్పలేం, ఆ ముగ్గురు సర్జన్లు కూడా చెప్పలేరు. ఎందుకంటే ఎండోస్కోపీ గానీ బేరియం పరీక్ష గానీ చేయించినట్టు మీరు ఎక్కడా రాయలేదు. లోపల ఆ స్లీవ్ ఇప్పుడు ఏ ఆకారంలో ఉందో చూడకుండా రెండో ఆపరేషన్ పేరు చెప్పడం తొందరపాటు.

ముందు మీ అంకెలు చూద్దాం. ఆపరేషన్ నాటికి మీ బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె) 47, బాగా తగ్గినప్పుడు 30, ఇప్పుడు 39.7. పోయిన 42 కిలోల్లో 23 తిరిగొచ్చాయి. స్లీవ్ అయిన ఏడాది, ఏడాదిన్నర దగ్గర బరువు అట్టడుగుకు చేరి, తర్వాత నాలుగైదు కిలోలు ఎక్కడం చాలామందికి ఉండేదే, దానికి కంగారు పడక్కర్లేదు. సగానికి పైగా తిరిగి రావడం అలాంటిది కాదు, దానికి కారణం వెతకాల్సిందే. అయితే ఆ కారణం "నోరు కట్టుకోలేకపోవడం" అని తేల్చేసే హక్కు ఇంట్లో ఎవరికీ లేదు. బరువు తగ్గిన ఒంట్లో ఆకలి పెరుగుతుంది, ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. పోయిన బరువును తిరిగి తెచ్చుకోవడానికి ఒళ్ళు ఏళ్ళ తరబడి పట్టుబడుతూనే ఉంటుంది. స్లీవ్‌లో జీర్ణాశయం నాలుగింట మూడొంతులకు పైగా తీసేస్తారు, దాంతోపాటు గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ ఎక్కువగా పుట్టే పైభాగమూ పోతుంది. ఆ సాయంతో మొదటి రెండేళ్ళు తేలిగ్గా గడుస్తాయి. తర్వాత ఆ పట్టు కొంత సడలుతుంది.

మీరు ఉత్తరం చివర పొడిమాటగా రాసిన ఆ నిద్ర మాత్ర దగ్గర ఆగాలి. మిర్టాజపిన్ ఆకలిని, ముఖ్యంగా తీపి మీదకు మనసు పోవడాన్ని బాగా పెంచే మందు. బరువు పెరగడం దానికి బాగా తెలిసిన దుష్ప్రభావం. ఎప్పుడు మొదలుపెట్టారో మీరు రాయలేదు. అది 2021 ప్రాంతమే అయితే, బరువు ఎక్కడం మొదలైందీ అప్పుడే కాబట్టి, రెండిటినీ కలిపి చూడాలి. మీ అంతట మీరు ఆపేయకండి, ఒక్కసారిగా మానితే నిద్ర చెదిరి, దిగులు తిరగబెట్టే ప్రమాదం ఉంది. రాసిన సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళి, "నాకు స్లీవ్ అయింది, 23 కిలోలు పెరిగాను, ఆకలి పెంచని మందు ఏదైనా ఉందా" అని ఈ మాటల్లోనే అడగండి. సర్జన్‌కు కూడా ఈ మందు పేరు చెప్పండి. ఎంత బాగా చేసిన బైపాస్ అయినా, రోజూ రాత్రి ఆకలి పెంచే మాత్ర వేసుకుంటుంటే పూర్తి ఫలితం ఇవ్వదు. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. షుగర్‌కు మళ్ళీ మందు మొదలుపెడితే, గ్లిమెపిరైడ్ లాంటివి, ఇన్సులిన్ బరువు పెంచుతాయని గుర్తుంచుకుని, బరువు పెంచని మందు కావాలని ముందే అడగండి.

ఇక పరీక్షలు. బేరియం పరీక్షలో తెల్లటి చిక్కటి మందు కప్పులో పోసి చేతికిస్తారు, ఎక్స్‌రే తెర ముందు నిలబెట్టి గుక్క గుక్కగా తాగిస్తారు. సరిగ్గా ఉన్న స్లీవ్ తెర మీద అరటిపండులా, పై నుంచి కింది దాకా ఒకే వెడల్పులో కనిపిస్తుంది. పైన ఎడమ పక్కన సంచిలా ఉబ్బి ఉంటే, మొదటిసారి కోసినప్పుడు ఆ మూల కొంత మిగిలిపోయిందనో, తర్వాత సాగిందనో అర్థం. మధ్యలో వంపు దగ్గర నొక్కుకుపోయి కింద పైన వెడల్పుగా ఉంటే, తిన్నది అక్కడ ఆగి పైకి తంతోంది. ఈ పరీక్ష నిలబెట్టి మాత్రమే చేసి పంపేస్తుంటారు. మీ బాధ పడుకున్నప్పుడు కాబట్టి, పడుకోబెట్టి కూడా చూడమని అడగండి. మందు గొంతు దాకా ఎక్కడం అప్పుడే తెరమీద కనబడుతుంది.

ఎండోస్కోపీలో చూడాల్సినవి వేరు. అన్నవాహిక చివర పుండు పడిందా, ఎంత మేర పడింది, జీర్ణాశయం పైభాగం డయాఫ్రమ్ (పొట్టకూ ఛాతీకీ మధ్య కండరం) దాటి ఛాతీలోకి జారిందా, అంటే హెర్నియా ఉందా, అన్నవాహిక లోపలి పొర రంగు మారి బారెట్స్ అనే స్థితి మొదలైందా, హెచ్.పైలోరీ అనే జీర్ణాశయ బాక్టీరియా ఉందా. పొర మారినట్టు అనుమానం ఉంటే ముక్క తీసి బయాప్సీకి పంపాలి. స్లీవ్ అయినవాళ్ళకు మంట లేకపోయినా రెండు మూడేళ్ళకోసారి ఎండోస్కోపీ చేయాలన్నది సర్జన్లు ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి. మీకు పుల్లగా తన్నుకొస్తోంది కాబట్టి ఇది వాయిదా వేయదగ్గది కాదు. ఇంకో చిన్న గమనింపు: గొంతులోకి వచ్చేది పుల్లగా ఉందా, చేదుగా ఉందా? పులుపైతే యాసిడ్, చేదైతే పిత్తరసం. వారం రోజులు రాసుకుని డాక్టరుకు చెప్పండి.

పాత ఆపరేషన్ నోట్స్ కూడా కావాలి. డిశ్చార్జి సమ్మరీ చాలదు, ఆపరేషన్ నోట్స్ విడిగా అడగాలి. ఎంత లావు గొట్టం పెట్టుకుని కోశారో, స్టేప్లర్ ఎక్కడి నుంచి వేశారో, అప్పుడు హెర్నియా కనిపించిందో లేదో అందులో ఉంటుంది. ఆసుపత్రి రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనలు చెబుతాయి. అయితే అవే నిబంధనలు మూడేళ్ళు దాచితే చాలంటాయి. మీది 2019 నాటిది. చాలా ఆసుపత్రులు ఇంకా ఎక్కువ కాలం ఉంచుతాయి గానీ, ఆలస్యం చేయకుండా ఈ వారమే మెడికల్ రికార్డ్స్ విభాగంలో లిఖితపూర్వకంగా అడగండి.

తిండి సంగతికి వద్దాం. స్లీవ్ గట్టి ముద్దను ఆపగలదు, కరకరలాడి నోట్లోనే కరిగిపోయేదాన్ని ఆపలేదు. రాగిసంకటి, చికెన్ కూర నాలుగు ముద్దలకే పొట్ట నిండినట్టుంటుంది. అదే నిప్పట్లు, కోడుబళెలు (కారపు చుట్లు), కాంగ్రెస్ కడలెకాయి (కారం పల్లీలు) అయితే గంటసేపు తింటూనే ఉండవచ్చు, నిండిన జాడే తెలియదు. బెంగళూరులో ప్రతి వీధి మొదట్లోనూ కండిమెంట్స్ (చిరుతిళ్ళ) కొట్టు ఉంటుంది, ఔటర్ రింగ్ రోడ్డు మీద క్యాబ్‌లో ఇరుక్కున్న గంటన్నరలో చేతిలో పొట్లం ఉంటే ఇంక చెప్పేదేముంది. యాభై గ్రాముల వేయించిన పల్లీలంటే సుమారు 300 కేలరీలు. వంద మిల్లీలీటర్ల పాలు, రెండు చెంచాల పంచదారతో ఫిల్టర్ కాఫీ దాదాపు 100. రోజుకు నాలుగు కాఫీలూ, సాయంత్రం ఒక పొట్లమూ కలిస్తే 700. భోజనం చేసినట్టు మాత్రం మీకు ఒక్క క్షణం కూడా అనిపించదు. మీరు ఇలాగే తింటున్నారని కాదు. బరువు తిరిగొచ్చినవాళ్ళలో మా కంటికి ఎక్కువగా కనబడేది ఇదే కాబట్టి, ఏడు రోజులు ప్రతిదీ రాయండి: ఎన్ని గంటలకు, ఏమిటి, ఎంత, ఆకలేసి తిన్నారా, మంచినీళ్ళు ఎప్పుడు తాగారు. తింటూ తింటూ నీళ్ళు తాగితే ముద్ద తొందరగా జారిపోయి గంటకే మళ్ళీ ఆకలి. భోజనానికి ముందూ తర్వాతా అరగంట నీళ్ళు ముట్టుకోకూడదన్న నియమం ఏడేళ్ళకు చాలామందికి మరుపున పడుతుంది.

మాంసకృత్తులు రోజుకు 60 నుంచి 80 గ్రాములు అందాలి. మన వంటలోనే లెక్క చూడండి: రెండు గుడ్లు 12, వంద గ్రాముల ఉడికిన చికెన్ 25, గిన్నెడు గట్టి పప్పు 7, యాభై గ్రాముల పనీర్ 9, గ్లాసు పాలు 6, కప్పు పెరుగు 5. అన్నీ కలిపి 64. విస్తట్లో ముందు ఇవి తిని, చోటు మిగిలితే అన్నం. డైటీషియన్ చపాతీ, ఓట్స్, సలాడ్ అని చార్టు రాసిస్తే మొహమాటపడకుండా మీరు రోజూ వండుకునేది చెప్పి మార్పించుకోండి. తినని తిండితో రాసిన చార్టు వారానికే ఫ్రిజ్ మీద కాగితంగా మిగులుతుంది.

ఇప్పుడు ఆపరేషన్లలోకి. స్లీవ్ అంటే పైన అన్నవాహిక, కింద పైలోరస్ అనే బిగుతు కండరం, మధ్యలో సన్నని గొట్టం. గొట్టం ఎంత సన్నమైతే లోపల ఒత్తిడి అంత ఎక్కువ, ఆ ఒత్తిడి పైకి తన్నడానికి ఉన్న దారి గొంతే. ఇప్పటికే పైకి తంతున్న గొట్టాన్ని మళ్ళీ బిగిస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పైగా పాత స్టేపుల్ గీత వెంబడి కణజాలం మచ్చకట్టి, రక్తం అందడం తగ్గి ఉంటుంది. అక్కడ మళ్ళీ కోస్తే లీకయ్యే ముప్పు ఎక్కువ. పై మూల నిజంగా మిగిలిపోయి, మంట అసలు లేనివాళ్ళకు మాత్రమే ఎప్పుడైనా ఆలోచించే దారి అది.

మినీ బైపాస్‌లో జీర్ణాశయానికి పేగుతో ఒకే అతుకు ఉంటుంది. దాదాపు 150 నుంచి 200 సెంటీమీటర్ల చిన్నపేగును దాటించి కలుపుతారు. బరువు బాగా తగ్గిస్తుంది, షుగర్‌కూ మంచిది. కానీ పిత్తరసం ఆ అతుకు పక్కనుంచే వెళుతుంది, కొందరికి పైకి ఎగజిమ్ముతుంది. రాత్రిపూట గొంతులోకి తన్నుకొచ్చే మనిషికి ఇది మొదటి ఎంపికగా చేయడం మాకు ఇష్టం లేదు.

రూ ఎన్ వై బైపాస్‌లో రెండు అతుకులు. పైన కోడిగుడ్డంత చిన్న సంచి మాత్రమే మిగులుతుంది, దాంట్లో యాసిడ్ చాలా తక్కువ పుడుతుంది. పిత్తరసాన్ని 100 నుంచి 150 సెంటీమీటర్ల పేగు దూరంగా ఉంచుతుంది. ఎండోస్కోపీలో పుండు, బారెట్స్ కనబడినా, హెర్నియా ఉన్నా మీకు తగిన రివిజన్ (పాతదాన్ని మార్చే రెండో ఆపరేషన్) ఇదే. హెర్నియా అదే సమయంలో సరిచేయాలి, ఆ మాట ఆపరేషన్ అంగీకారపత్రంలో ఉండాలి. మంట తగ్గించడంలో దీనికి మంచి పేరు. బరువు విషయంలో మాత్రం ఆశ హద్దులో ఉంచుకోండి: రెండోసారి ఏ ఆపరేషన్ అయినా మొదటిసారి తగ్గినంత తగ్గించదు, చిక్కులు మొదటిసారికన్నా ఎక్కువ. మళ్ళీ 76 చూస్తాననుకుని బల్ల ఎక్కితే 84 దగ్గర ఆగినప్పుడు కుంగిపోతారు. అలాంటిది ముందే తెలిసి వెళ్ళాలి.

సర్జన్‌ను అడగాల్సినవి: పోయిన ఏడాది ఎన్ని రివిజన్లు చేశారు, అందులో ఎందరికి లీకైంది, ఎందరిని మళ్ళీ థియేటర్‌కు తీసుకెళ్ళాల్సి వచ్చింది. చిన్నపేగు పొడవు మనిషికీ మనిషికీ చాలా తేడా, కొందరికి నాలుగు మీటర్లు, కొందరికి ఎనిమిది. మొత్తం కొలుస్తారా, ఆహారం ఇంకే పేగు కనీసం మూడు మీటర్లు మిగులుస్తారా? పేగు తక్కువ మిగిలితే బరువు తగ్గుతుంది, దాంతో పాటు రక్తంలోని అల్బుమిన్ అనే మాంసకృత్తి పడిపోయి కాళ్ళు వాచి జుట్టు రాలిపోతుంది. ఈ ప్రశ్నకు విసుక్కునే చోట ఆపరేషన్ చేయించుకోకండి.

ఇంజెక్షన్లు చాలన్న మూడో సర్జన్‌ను తోసిపుచ్చకండి. స్లీవ్ ఆకారం బాగుండి, హెర్నియా లేక, మంట మామూలు మాత్రకు తగ్గితే, రెండో ఆపరేషన్‌కు ముందు ఇదే ప్రయత్నించాలి. టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో, సెమాగ్లూటైడ్ బరువు కోసం వెగోవీ పేరుతో 2025లో మన దేశంలోకి వచ్చాయి. వారానికి ఒకటి, చిన్న మోతాదుతో మొదలుపెట్టి నాలుగేసి వారాలకు పెంచుతారు. మీ షుగర్‌కూ పనికొస్తాయి. మీకు ముఖ్యమైన ఇబ్బంది: ఇవి జీర్ణాశయం ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తాయి, కొందరికి మంట, వాంతి ఎక్కువవుతాయి. అందుకే ఎండోస్కోపీ ముందు, సూది తర్వాత. తట్టుకోగలిగిన పూర్తి మోతాదు మీద మూడు నెలలున్నా ఐదు కిలోలైనా తగ్గకపోతే ఆ మందు మీకు పని చేయట్లేదని లెక్క. మానేస్తే బరువు తిరిగొస్తుంది కాబట్టి నెల ఖర్చును ఏళ్ళ లెక్కన వేసుకోండి. పాంక్రియాస్ వాపు వచ్చినవాళ్ళు, ఇంట్లో మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి. మత్తు ఇచ్చే ఏ ఆపరేషన్‌కైనా ముందు అనస్థటిస్టుకు ఈ సూది సంగతి చెప్పి తీరాలి.

ఇన్సూరెన్స్ మాట. ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) ప్రామాణిక నిబంధన ప్రకారం, ఈ ఆపరేషన్‌కు బీమా వర్తించాలంటే బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 దాటి తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), అదుపులో లేని టైప్ 2 షుగర్, గుండె జబ్బు లాంటిది తోడు ఉండాలి. మీది 39.7. హెచ్‌బీఏ1సీ 6.9ని అదుపు తప్పిన షుగర్‌గా కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. మీ గురక ఇక్కడ ముఖ్యం. స్లీప్ స్టడీ చేయించండి. ఆప్నియా తేలితే మత్తు ఇచ్చే ముందు ఊపిరికి సాయపడే మిషన్ పెట్టి సిద్ధం చేస్తారు, అది మీ ప్రాణానికి మంచిది, పాలసీకీ ఆధారమవుతుంది. కంపెనీ గ్రూప్ పాలసీల్లో షరతులు వేరుగా ఉంటాయి, హెచ్‌ఆర్ చెప్పిన నోటిమాట మీద కాకుండా ముందస్తు అనుమతి కాగితం మీద నడవండి.

బైపాసే తేలితే జీవితాంతం పాటించాల్సినవి కొన్ని. కాల్షియం సిట్రేట్ రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒక్కసారి 500 మించకుండా విడదీసి. స్ట్రిప్ మీద కార్బొనేట్ అని ఉంటే మార్పించండి, యాసిడ్ తక్కువైన పొట్టలో అది సరిగా ఇంకదు. ఐరన్ 45 నుంచి 60 మిల్లీగ్రాములు, కాల్షియానికి రెండు గంటలు ఎడంగా, కాఫీతో అసలు వద్దు. బీ12, డీ విటమిన్, మల్టీవిటమిన్ మానకూడదు. మూడు నెలలకు, ఆరు నెలలకు, తర్వాత ఏటా ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), బీ12, డీ, పీటీహెచ్ (కాల్షియాన్ని అదుపు చేసే హార్మోన్), అల్బుమిన్ చూపించాలి. నడుము నొప్పికీ తలనొప్పికీ డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్ ముట్టుకోకూడదు. కాంబిఫ్లామ్‌లోనూ ఐబుప్రోఫెన్ ఉంది. అతుకు దగ్గర పుండు పడి, చిల్లు పడేది ఎక్కువగా వీటివల్ల, సిగరెట్ వల్ల. నొప్పికి పారాసిటమాల్.

మూడు ప్రమాదాలు ఇంట్లోవాళ్ళకు తెలియాలి. మొదటి వారం, పది రోజుల్లో నాడి 120 దాటి ఆగకపోయినా, ఎడమ భుజం నొప్పి, ఆయాసం, జ్వరం వచ్చినా లీకై ఉండవచ్చు, తెల్లవారే దాకా ఆగకండి. ఏళ్ళ తర్వాతైనా పొట్టలో మెలిపెట్టే నొప్పి వచ్చి పోతుంటే గ్యాస్ అని సరిపెట్టుకోకండి, పేగు లోపలి సందులో ఇరుక్కోవచ్చు, సీటీ తీయాలి. వాంతులు రెండు మూడు రోజులు ఆగకపోతే బీ1 (థయామిన్) ఇంజెక్షన్ కావాలి. గ్లూకోజ్ ఎక్కించే ముందే థయామిన్ ఇవ్వాలి, లేకపోతే మెదడు దెబ్బతింటుంది. అనంతపురం వెళ్ళినప్పుడు అక్కడి క్యాజువాల్టీలో మీ ఆపరేషన్ గురించి తెలియకపోవచ్చు. ఏ ఆపరేషన్ అయిందో, గ్లూకోజ్‌కు ముందు థయామిన్ ఇవ్వాలన్న మాటా ఒక కార్డు మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయించి పర్సులో పెట్టుకోండి, మీవారి ఫోన్లో ఫొటో తీసి ఉంచండి.

పెళ్ళి విషయం. ఎండోస్కోపీ, బేరియం, స్లీప్ స్టడీ, రక్తపరీక్షలు, సైకియాట్రిస్టు, డైటీషియన్, ఇవన్నీ సక్రమంగా జరిగితేనే ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఆ తర్వాత కాలేయం తగ్గడానికి రెండు వారాల తక్కువ కేలరీల ఆహారం. ఆపరేషన్ అయ్యాక రెండు వారాలు ద్రవాలు, ఇంకో రెండు వారాలు మెత్తటివి, అది కూడా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి దగ్గర్లో ఉండి. ఈ లెక్కలో ఏ ఒక్కటి కొన్ని వారాలు ఆలస్యమైనా పెళ్ళినాటికి మీరు గుక్కెడు మజ్జిగతో రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వెళ్ళి, బంధువులందరి ముందు "ఏమీ తినవేంటి" అన్న మాట పడాలి. అంత తొందరకు కారణం లేదు. పరీక్షలు ఇప్పుడే మొదలుపెట్టండి, మంట మాత్ర, షుగర్ మందు, నిద్ర మందు ఈలోగా సరిచేయించుకోండి. చెల్లెలి పెళ్ళిలో హాయిగా తిరగండి. తిరిగొచ్చిన వారం, ఎండోస్కోపీ రిపోర్టు, పాత ఆపరేషన్ నోట్స్, ఏడు రోజుల తిండి లెక్క మూడూ పట్టుకుని మీవారిని కూడా వెంటబెట్టుకుని సర్జన్ దగ్గరికి వెళ్ళండి. "మళ్ళీ కోతా?" అన్న ఇంట్లోవాళ్ళ ప్రశ్నకు జవాబు ఆ రిపోర్టులోనే ఉంటుంది, మీవారు కూడా కూర్చుని వినాలి.